మంగళగిరి పానకాల స్వామి, పానకం మొక్కు: తరచుగా అడిగే ప్రశ్నలు

విజయవాడ నుంచి గుంటూరు వెళ్లేవాళ్లకు మంగళగిరి వచ్చిందని కండక్టర్ కేకేసి చెప్పనక్కర్లేదు, గాలిగోపురం చెబుతుంది. దాని వెనక కొండ మీద పానకాల రాయుడు. మొక్కు తీర్చుకోవడానికి మొదటిసారి వచ్చేవాళ్లు అడిగేవి, ఇంట్లో పానకం కలిపేటప్పుడు సందేహం వచ్చేవి ఇక్కడ చేర్చాం.

మంగళగిరిలో నరసింహస్వామి గుడి ఒకటా, మూడా?

మూడు. కొండ కింద లక్ష్మీనరసింహస్వామి, కొండ నడుమ పానకాల స్వామి, శిఖరాన గండాల రాయుడు. కింది స్వామిని ధర్మరాజు ప్రతిష్ఠించాడని స్థల పురాణం. శిఖరాన విగ్రహం లేదు, దీపం పెట్టే చోటు మాత్రమే ఉంది. గండాలు గట్టెక్కాలని మొక్కుకున్నవాళ్లు అక్కడ ఆవునేతి దీపం వెలిగిస్తారు. ఆ వెలుగు చుట్టుపక్కల ఊళ్లకు కనిపిస్తుంది. "మంగళగిరి వెళ్లొచ్చాం" అని చెప్పేవాళ్లలో చాలామంది కింది గుడి చూసి తిరిగొచ్చినవాళ్లే. పానకం మొక్కు మాత్రం నడిమి గుడిలోనే తీరుతుంది.

ఎలా వెళ్లాలి? ఏది ముందు చూడాలి?

విజయవాడ నుంచి సుమారు 12 కిలోమీటర్లు, గుంటూరు నుంచి సుమారు 20. రెండు ఊళ్ల మధ్య తిరిగే ఆర్టీసీ బస్సులు మంగళగిరి మీదుగా వెళ్తాయి. రైల్లో వస్తే అదే మార్గంలో మంగళగిరి స్టేషన్ ఉంది.

ముందు పైకి వెళ్లండి. పై గుడి మధ్యాహ్నం మూడు గంటల ప్రాంతానికి మూసేస్తారు, ఆ రోజు మళ్లీ తెరవరు. కింది గుడి మధ్యాహ్నం కాసేపు మూసి సాయంత్రం తెరుస్తారు కాబట్టి దాన్ని తర్వాత చూసుకోవచ్చు. విజయవాడలో దుర్గమ్మ దర్శనం చేసుకుని "ఇక్కడే కదా" అని రెండున్నరకు బయల్దేరేవాళ్లు ఏటా ఎంతోమంది కొండ కింద నుంచే దండం పెట్టుకుని వెనక్కి వెళ్తుంటారు. ఒకే రోజు రెండూ చూడాలనుకుంటే పొద్దున మంగళగిరి, సాయంత్రం ఇంద్రకీలాద్రి పెట్టుకోండి.

సాయంత్రం పైన ఎందుకు తెరవరు?

పగలు మనుషుల వంతు, రాత్రి దేవతలు, ఋషులు వచ్చి సేవించుకుంటారని నమ్మకం.

మెట్ల మీద వెళ్లాలా, ఘాట్ రోడ్డు మీదా?

మెట్లెక్కుతానని మొక్కుకుంటే మెట్లే. లేకపోతే ఘాట్ రోడ్డులో వాహనం పైదాకా వెళ్తుంది, పెద్దవాళ్లకు అదే మేలు. మెట్లను 1890లో చన్నాప్రగడ బలరామదాసు కట్టించారు. ఎండాకాలంలో తొమ్మిది దాటితే రాయి కాలుతుంది. వట్టికాళ్లతో ఎక్కేవాళ్లు ఏడు గంటలకల్లా మొదలుపెట్టాలి. ఎక్కేటప్పుడు చల్లగా ఉన్న మెట్టే దిగేటప్పుడు అరికాలు మాడుస్తుందని ఎక్కేటప్పుడు ఎవరికీ గుర్తుండదు.

పానకం మొక్కు ఎలా చెల్లిస్తారు?

పానకం టికెట్ కొండ మీదే తీసుకుని, పానకం బిందెతో వరసలో గర్భాలయం దగ్గరికి వెళ్లాలి. పేరు, గోత్రం చెబితే అర్చకులు సంకల్పం చేస్తారు.

అక్కడ నిలువెత్తు విగ్రహం కోసం వెతక్కండి. కొండరాతిలో తెరుచుకున్న నోరు, దాని చుట్టూ లోహపు ముఖం, అంతే స్వామి. అర్చకులు బిందెలోని పానకాన్ని శంఖంతో తీసి ఆ నోట్లో పోస్తారు. పోస్తుంటే మనిషి గుక్కపట్టి తాగినట్టు గుటక చప్పుడు వినిపిస్తుంది. బిందె సగానికి వచ్చేసరికి ఆ చప్పుడు ఆగుతుంది. ఇక పొయ్యరు. మిగతా సగం మొక్కుకున్నవాళ్లకు ప్రసాదంగా ఇచ్చేస్తారు.

చప్పుడు వినాలంటే గుమ్మం దగ్గర మాటలాపాలి. సెల్‌ఫోన్‌లో వీడియో తీయాలన్న తొందరలో ఉన్నవాళ్లకు అది వినపడదు, పక్కవాళ్లనూ విననివ్వరు.

వెళ్లేటప్పుడు మూత గట్టిగా ఉండే స్టీలు డబ్బా ఒకటి ఉంచుకోండి. సగం బిందె ప్రసాదాన్ని చిన్న సీసాలో పట్టించబోయి మెట్ల మీద ఒలకబోసుకోవడం రోజూ జరిగేదే. ఒలికిన పానకం మీద కాలు జారుతుంది కూడా.

సరిగ్గా సగమే తాగుతాడా?

చిన్న బిందె తెచ్చినా, పెద్ద బిందె తెచ్చినా సగం తీసుకుని సగం వదిలేస్తాడన్నది తరతరాల నమ్మకం. కొలపాత్ర పెట్టి మిల్లీలీటర్లు లెక్కగట్టే సేవ కాదిది. శంఖంతో తీసేటప్పుడు కొంత ఒలుకుతుంది, సగం ఎక్కడన్నది కంటితో చూసిన అంచనా. మొక్కు భావం మాత్రం అందులో స్పష్టంగా ఉంది. పూర్తిగా పుచ్చుకునే దేవుడు కాడు, ముట్టుకోకుండా వెనక్కిచ్చేవాడూ కాడు. ఇచ్చినవాడితో కలిసి తాగుతాడు. అందుకే తిరిగొచ్చిన సగాన్ని ఒక్కరే దాచుకోకుండా వరసలో ఉన్నవాళ్లకు, మెట్ల మీద ఎదురైనవాళ్లకు తలా ఒక గుక్క పోస్తారు.

ఇంతకీ ఇక్కడి కథేమిటి?

నముచి అనే రాక్షసుడు తపస్సు చేసి, తడిసినదానితో గానీ పొడిగా ఉన్నదానితో గానీ చావు రాకూడదని బ్రహ్మ దగ్గర వరం పొందాడు. ఇంద్రుణ్ణీ దేవతలనూ తరిమాడు. విష్ణువు సుదర్శన చక్రాన్ని ఇంద్రుడికిచ్చి, దాన్ని నురుగులో ముంచి విడవమన్నాడు. నురుగు తడీ కాదు, పొడీ కాదు. నముచి సూక్ష్మరూపంలో ఈ కొండ గుహలో దాక్కుంటే, స్వామి చక్రం నడుమ నరసింహుడిగా నిలిచి, తన ఊపిరి వేడితో వాడి ప్రాణం తీశాడు. అందుకే సుదర్శన నరసింహుడన్న పేరు.

రాక్షసుడు చచ్చాక స్వామి వేడి చల్లారలేదు. దేవతలు అమృతం సమర్పించారు. సగం తాగి, మిగతాది వాళ్లకే ఇచ్చి, యుగానికొకటి చొప్పున తనకేం కావాలో చెప్పాడట: కృతయుగంలో అమృతం, త్రేతాయుగంలో ఆవునెయ్యి, ద్వాపరంలో ఆవుపాలు, కలియుగంలో పానకం.

ఇంద్రుడు నీటినురుగుతో నముచి తల తీశాడన్న మాట ఋగ్వేదంలోనే ఉంది. అంటే కథకు మూలం చాలా పాతది, దానికి నరసింహుణ్ణీ పానకాన్నీ చేర్చడం మంగళగిరి దాన్ని తనది చేసుకున్న తీరు.

కొండకూ వేరే కథ ఉంది. పారియాత్రుడనే రాజు కొడుకు హ్రస్వశృంగి అంగవైకల్యంతో పుట్టి, క్షేత్రాలన్నీ తిరిగి ఇక్కడ తపస్సు చేశాడు. తండ్రి తీసుకుపోవడానికి వస్తే, స్వామిని విడవలేక ఏనుగు ఆకారంలో కొండగా మారాడంటారు. ఊరి బయట నుంచి చూస్తే పడుకున్న ఏనుగు పోలిక తెలుస్తుంది.

కలియుగానికి పానకం ఏమిటి, అంత తేలిక?

అదే దాని గొప్ప. అమృతం దేవతలకే దొరుకుతుంది, నేతి బిందెకు కలిగిన ఇల్లు కావాలి, బెల్లం ముక్క, చెంబుడు నీళ్లు ఎవరింట్లోనైనా ఉంటాయి. చేతకాని కాలానికి చేతనైన నైవేద్యం.

కొండ లోపల అగ్నిపర్వతం ఉందని, గంధకం వేడి తగ్గించడానికి బెల్లం నీళ్లు పోస్తారని చెబుతారు. నిజమా?

వాట్సాప్‌లో ఏటా తిరిగే మాట. ఇక్కడివి తూర్పు కనుమల కొండలు. చార్నోకైట్, ఖోండలైట్ లాంటి చాలా పాత రూపాంతర శిలలు, లావా గడ్డకట్టి ఏర్పడ్డవి కావు. పైగా బెల్లం నీళ్లు గంధకాన్ని విరిచేసే మందేమీ కాదు. భక్తికి ఈ రసాయన శాస్త్రం అవసరం లేదు, ఆ శాస్త్రానికి దీన్ని అంటగట్టడం అంతకన్నా అనవసరం.

అంత పానకం పోస్తే చీమలు, ఈగలు రావా?

రావని ప్రతీతి. బెల్లం చుట్టూ ఈగలు అన్న లోకరీతి ఇక్కడ చెల్లదని భక్తులు చెప్పుకుంటారు. మీరు ఇంటికి తెచ్చిన ప్రసాదం సంగతి వేరు. మీ వంటింటి చీమలకు ఈ నియమం తెలియదు. డబ్బాను నీళ్లు పోసిన పళ్లెంలో పెట్టండి.

స్వామి తాగగా మిగిలింది ఎంగిలి కాదా?

పిల్లలు ఎక్కువగా అడిగే ప్రశ్న. మనిషి తాగగా మిగిలింది ఎంగిలి, స్వామి తీసుకోగా మిగిలింది శేషం, ప్రసాదం. మడి పాటించే ఇళ్లలోనూ కళ్లకద్దుకుని తాగుతారు.

ఇంట్లో పానకానికి సరైన కొలత ఏమిటి?

లీటరు నీళ్లకు:

- బెల్లం 150 గ్రాములు (తీపి ఎక్కువ కావాలంటే 180 వరకు)
- మిరియాలు 20 నుంచి 25 గింజలు
- యాలకులు 4
- శొంఠి పొడి పావు చెంచా
- తులసి ఆకులు 4 లేక 5
- పచ్చకర్పూరం నూకగింజంత, ఇష్టమైతేనే

బెల్లాన్ని చితక్కొట్టి, పావు వంతు నీళ్లలో ఇరవై నిమిషాలు నానబెట్టండి. కరిగాక పల్చటి గుడ్డలో వడకట్టి, పది నిమిషాలు కదపకుండా ఉంచండి. అడుగున ఇసుక పేరుకుంటుంది. పైతేట మాత్రం వేరే గిన్నెలోకి వంచి, అడుగున ఉన్న రెండు చెంచాలు పారబోయండి. మిగతా నీళ్లు కలిపి, అప్పుడే దంచిన మిరియాలు, యాలకులు, శొంఠి వేసి అరగంట ఉంచితే ఘాటు నీళ్లలోకి దిగుతుంది. తులసి చివర్లో వేయాలి.

పైతేట వంచడం దగ్గరే చాలామంది బద్ధకిస్తారు. టీ వడకట్టేదానిలో చెరకు పీచు ఆగుతుంది గానీ సన్న ఇసుక ఆగదు, గ్లాసు చివరి గుక్కలో పళ్ల కింద కరకరలాడుతుంది. పానకంలో పుడక సామెత పుట్టింది ఇలాంటి తొందర నుంచే.

ఎప్పుడూ ఒకేలా కుదరదు. ఎక్కడ తప్పుతోంది?

*ఉప్పగా ఉంది.* బెల్లంలోనే ఉంది ఆ ఉప్పదనం. చౌడు నేలలో పండిన చెరకు బెల్లం అలా ఉంటుంది. కొనేముందు చిన్న పలుకు నోట్లో వేసుకుని చూడండి. దుకాణాల వాళ్లేమీ అనుకోరు.

*రంగు బాగుంది, రుచి లేదు.* పసుపుపచ్చగా, తెల్లగా మెరిసే బెల్లానికి రంగు కోసం హైడ్రోస్ అనే రసాయనం కలిపి ఉండొచ్చు. ముదురు గోధుమ రంగులో, చేతికి కాస్త అంటుకునేదే పానకానికి మేలు.

*పాకం వాసన వస్తోంది.* నీళ్లు మరగబెట్టి బెల్లం కరిగించారు. తొందరైతే గోరువెచ్చని నీళ్లు చాలు.

*ఘాటు పైపైనే ఉంది.* మిరియాల పొడి తేలుతోంది. పొడిని చెంచాడు బెల్లం నీళ్లతో రోట్లో నూరి ముద్దగా కలిపితే కలిసిపోతుంది. డబ్బాలో ఏళ్లనాటి పొడి వాడితే ఎంత వేసినా దండగే.

*లోహం వాసన.* కళాయి లేని ఇత్తడి బిందెలో నిమ్మరసం పిండారు. నిమ్మకాయ కావాలంటే స్టీలు గిన్నెలో, తాగేముందు, లీటరుకు అర చెక్క. నైవేద్యానికి మాత్రం నిమ్మ లేకుండానే చేస్తారు.

*మట్టి వాసన.* కొత్త కుండను ఒక రోజు నీళ్లు పోసి నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి వాడాలి.

ఒక్క తప్పు మాత్రం ప్రాణం మీదికి తెస్తుంది. హారతి కర్పూరం బిళ్లను పచ్చకర్పూరం అనుకుని పానకంలో వేయకూడదు. అది విషం, చిన్నపిల్లలకు కొంచెం చాలు మూర్ఛ రావడానికి. రెండూ ఒకే పూజ అలమరలో ఉండే ఇళ్లలో డబ్బాల మీద పేరు రాసుకోండి. పసిపిల్లలకిచ్చే పానకంలో పచ్చకర్పూరం కూడా మానేయడమే మంచిది.

శ్రీరామనవమి పందిట్లో వందమందికి ఎంత కలపాలి?

మనిషికి 150 మిల్లీలీటర్ల గ్లాసు లెక్కన: నీళ్లు 13న్నర లీటర్లు, బెల్లం 2 కిలోలు, మిరియాలు 20 గ్రాములు, యాలకులు 10 గ్రాములు, శొంఠి 10 గ్రాములు. బెల్లం కరిగితే మొత్తం పదిహేను లీటర్లకు కాస్త తక్కువగా వస్తుంది.

బెల్లాన్ని ముందురోజు రాత్రే నీళ్లలో వేసి వదిలేయకండి. చైత్రమాసపు ఎండలకు మధ్యాహ్నానికల్లా నురుగు కట్టి పులుస్తుంది. పొడులు ముందురోజు దంచుకోవచ్చు, బెల్లం మాత్రం కల్యాణం మొదలయ్యాక నానేస్తే, తలంబ్రాల వేళకు పానకం సిద్ధం. మంచినీళ్లు తాగడానికి పనికొచ్చేవే వాడాలి, కాచనక్కర్లేని పానీయం కదా అని ట్యాంకర్ నీళ్లు పట్టేస్తే పందిరంతా కడుపునొప్పి. ఐసు గడ్డ వేసేవాళ్లు దాన్ని ఏ నీళ్లతో చేశారో కనుక్కోవాలి. పంచేటప్పుడు గరిటెతో అడుగు నుంచి కలుపుతూ పోయాలి, లేకపోతే మొదటి వరసకు నీళ్లు, చివరి వరసకు మిరియాలు.

వడపప్పు?

పెసరపప్పు కడిగి గంట, గంటన్నర నానబెట్టి వడకట్టాలి. కప్పు పప్పుకు రెండు చెంచాల మామిడికోరు, రెండు చెంచాల కొబ్బరికోరు, ఒక పచ్చిమిర్చి, ఉప్పు. ఉప్పు పంచేముందే కలపాలి, ముందే కలిపితే నీరు ఊరుతుంది. రెండు గంటలు దాటి నానితే పప్పు జిగురొస్తుంది.

షుగర్ ఉన్నవాళ్లు తాగొచ్చా?

పై కొలత ప్రకారం 200 మిల్లీలీటర్ల గ్లాసులో దాదాపు 27 గ్రాముల బెల్లం ఉంటుంది. బెల్లమైనా పంచదారైనా రక్తంలో చక్కెర పెరుగుతుంది. ఉద్ధరిణెడు తీర్థంలా పుచ్చుకుంటే ప్రసాదం స్వీకరించినట్టే. గ్లాసెడు తాగితేనే ఫలమని ఎక్కడా లేదు.

కొండ మీద ఇచ్చిన పానకం ఎన్నాళ్లుంటుంది?

ఎండాకాలంలో బయట నాలుగైదు గంటలు. ఫ్రిజ్‌లో మర్నాటి వరకు. మూత తీయగానే బుస్సుమంటే, నురుగొస్తే తాగొద్దు. సింకులో పోయడానికి మనసొప్పకపోతే బాగా నీళ్లు కలిపి చెట్టు మొదట్లో పోయండి.

గాలిగోపురం ఎవరు కట్టించారు?

అమరావతి పాలకుడు రాజా వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు, 1807–09లో. పదకొండు అంతస్తులు, 153 అడుగుల ఎత్తు. కింద వెడల్పు చూస్తే 49 అడుగులే. అంత సన్నని పాదం మీద అంత ఎత్తు లేపడమే అందులో పనితనం. కట్టాక ఒక పక్కకు ఒరిగితే కంచి శిల్పులు వచ్చి ఎదురు దిక్కున కోనేరు తవ్వించమన్నారని, తవ్వాక నిలబడిందని స్థానికంగా చెప్పుకుంటారు. గోపురం మొత్తం ఒకే ఫొటోలో రావాలంటే దగ్గరికి రాకండి, వీధి చివరికి వెళ్లండి.

పెద్ద ఉత్సవాలు ఎప్పుడు?

ఫాల్గుణమాసంలో బ్రహ్మోత్సవాలు. శుద్ధ చతుర్దశి రాత్రి కల్యాణం, మర్నాడు పౌర్ణమికి, అంటే హోలీ రోజున, రథోత్సవం. తిరునాళ్లంటే ఊరివాళ్లకు ఆ రెండు రోజులే. పానకం మొక్కు ప్రశాంతంగా తీర్చుకోవాలంటే ఆ రెండు రోజులు, శనాదివారాలు కాకుండా రండి. వైశాఖ శుద్ధ చతుర్దశి నరసింహ జయంతి. ముక్కోటి ఏకాదశికి కింది గుడిలో దక్షిణావర్త శంఖంతో తీర్థం ఇస్తారు, తెల్లవారుజాము నుంచే వరస మొదలవుతుంది. ఆ శంఖం తంజావూరు శరభోజి మహారాజు సమర్పించిందంటారు.

మెట్ల దగ్గర పాదముద్రలు ఎవరివి?

బెంగాల్ వైష్ణవ గురువు చైతన్య మహాప్రభువువి. 1510లో సన్యాసం తీసుకుని దక్షిణయాత్రకు బయల్దేరిన ఆయన మంగళగిరి వచ్చారు. గౌడీయ వైష్ణవులు ఈ స్వామిని "పానా నరసింహ" అంటారు. బెంగాల్ నుంచి వచ్చే యాత్రికులు ముందు ఈ పాదాల దగ్గర ఆగి, తర్వాతే పైకి ఎక్కుతారు. పరుగున మెట్లెక్కే మనవాళ్లే చూడకుండా దాటిపోతుంటారు.

పిల్లలకు స్వామి పేరు పెడతామని మొక్కుకున్నాం. ఏమని పెట్టాలి?

గుంటూరు, కృష్ణా జిల్లాల్లో పానకాలు, పానకాలరావు అన్న పేర్లు ఇలా మొక్కు నుంచి వచ్చినవే. తాతల పేరు అది అయితే ఇప్పుడు పిల్లాడికి బళ్లో ఇబ్బంది అనుకుని నరసింహ అనో, సుదర్శన్ అనో పెట్టుకుంటున్నారు. అదీ స్వామి పేరే. ఇంట్లో పిలుపు పేరుగా పానకాలు ఉంచుకుంటే తాతకూ సంతోషం.

గుడి వెనక గుహ నుంచి ఉండవల్లికి సొరంగం ఉందట, చూడొచ్చా?

పానకాల స్వామి గుడి వెనక రాజ్యలక్ష్మి అమ్మవారు, అక్కడికి పడమటగా గుహ ఉన్నాయి. ఋషులు ఆ దారిన వెళ్లి కృష్ణలో స్నానం చేసి వచ్చేవారని చెబుతారు. లోపల చీకటి, దారి కనిపించదు, ఎవరినీ వెళ్లనివ్వరు. ఉండవల్లి అనంతపద్మనాభుణ్ణి చూడాలంటే కింది గుడి దగ్గర ఆటో మాట్లాడుకోండి. ఎక్కేముందే రానుపోను బేరం, అక్కడ ఆగే సమయం కూడా కలిపి, తేల్చుకోండి.